క్యాసెట్టు చివర కొసరు బిట్లు

మా బావకు చెవులు పోయాయని నేను కనిపెట్టింది ఆస్పత్రిలో కాదు, ఒక నవ్వుల సినిమా దగ్గర. నర్సునై ఉండి, రోజూ పదిమంది చెవుల్లో టార్చిలైటు వేసి చూసేదాన్నై ఉండి, నా పక్కన పడుకునే మనిషి చెవుల సంగతి తెలుసుకోవడానికి నాకొక వీడియో క్యాసెట్టు కావలసివచ్చింది. ఇప్పటికీ తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

బావ అంటే నా మొగుడే. మేనత్త కొడుకు. పెళ్ళికి ముందు ‘బావా’ అని పిలిచాను, పెళ్ళయ్యాక ఆ పిలుపు మార్చడం నాకు చేతకాలేదు. గాజువాక దాటాక రేకుల ఇళ్ళ లైనొకటి ఉండేది, అందులో మాది నాలుగో ఇల్లు. బావ ఓడలు బాగుచేసే ఒక ప్రైవేటు యార్డులో కాంట్రాక్టరు కింద చిప్పింగు పని చేసేవాడు. ఓడ కడుపులో ఉండే ఇనుప ట్యాంకుల్లోకి ఇరవైమంది దిగి, గాలితో కొట్టుకునే సుత్తులు పట్టుకుని తుప్పు రాలగొట్టాలి. ఇనుప డబ్బాలో కూర్చుని ఆ డబ్బానే బాదుకోవడమన్నమాట. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా ఎర్రటి పొడి ఉండేది. నేను ఆ యార్డు గేటు పక్కనే డిస్పెన్సరీలో నర్సుని. మాకు పిల్లలు లేరు. ఆ సంగతి ఇక్కడితో సరి.

మా లైను చివరింటాయన షిప్పుల మీద ఇంజను రూములో పనిచేసేవాడు. ఏడాదిలో పది నెలలు సముద్రం మీదే. ఎనభైల మొదట్లో ఒకసారి సెలవుకొస్తూ కలరు టీవీ, డెక్కు తెచ్చాడు. వీడియో ఆడించే పెట్టెని అప్పుడందరం డెక్కు అనేవాళ్ళం. ఆదివారం చర్చి నుంచి రాగానే లైనంతా వాళ్ళింట్లోనే. వాకిలి కిటికీలకు దుప్పట్లు కట్టి చీకటి చేసేవాళ్ళు. లోపల ఉడికి చచ్చేవాళ్ళం, అయినా లేచేవాళ్ళం కాదు.

నాకు మాత్రం ముందు వరసలో చోటు. ఎందుకంటే స్పిరిట్టు నా దగ్గరే దొరికేది.

“సిస్టరమ్మా, మీ ఆస్పత్రిలో స్పిరిట్టుంటాది గదా, సిన్న సీసాడు అట్టుకు రామ్మా. డెక్కు హెడ్డు మురికట్టేసినాది. కడక్కపోతే బొమ్మ రాదు” అని ఆయన శనివారమే గుర్తుచేసేవాడు. డిస్పెన్సరీ స్పిరిట్టు దొంగతనంగా తెచ్చి సినిమా చూసిన పాపం నాది. దూది చుట్టిన పుల్లతో ఆయన ఆ పెట్టె మూత తీసి లోపల తుడుస్తుంటే, ఆపరేషను చూస్తున్నట్టు అందరం మెడలు చాచి చూసేవాళ్ళం.

ఆ రోజు క్యాసెట్టు అరవ సినిమాకి తెలుగు డబ్బింగు. పిసినారి మామగారొకడు అల్లుళ్ళని పరీక్షించడానికి చచ్చిపోయినట్టు పడుకుంటాడు. ఏడవడానికొచ్చిన అల్లుళ్ళు ఆయన బీరువా తాళం కోసం దిండు కింద వెతుకుతుంటారు. శవానికి తుమ్ము వస్తుంది. అదీ కథ. బొమ్మ బొమ్మలా లేదు. పైభాగం ఎటో వంగిపోయి, అందరి తలకాయలూ పక్కకి లాగినట్టుండేవి. ఎర్రచీర కట్టిన మనిషి నడిస్తే ఆ ఎరుపు ఆమె వెనకాలే కొంచెందూరం కారుతూ వచ్చేది. కింద ఏదో దేశంలోని సామాన్ల కొట్టు అడ్వర్టైజుమెంటు, మాకెవరికీ రాని అక్షరాల్లో, కుడినుంచి ఎడమకి పోతూనే ఉంటుంది. సౌండు మాత్రం బంగారంలా ఉంది. డబ్బింగు చెప్పినవాళ్ళు గడుసువాళ్ళు, మాటమాటకీ జనం పడీ పడీ నవ్వుతున్నారు.

మా బావ నవ్వడం లేదు.

పక్కనే కూర్చున్నాడు, టీవీ వైపే చూస్తున్నాడు, మొహం మాడ్చుకుని. శవం తుమ్మినప్పుడు నవ్వాడు, అల్లుడు మంచం కింద ఇరుక్కున్నప్పుడు నవ్వాడు. మిగతా అంతా, ఎవరో అర్థంకాని ఉత్తరం చేతిలో పెట్టినట్టు చూస్తున్నాడు. అందరూ నవ్వాక వాళ్ళ మొహాలు చూసి, ఒక క్షణం ఆగి పళ్ళు బయటపెట్టేవాడు. నాకు ఒళ్ళు మండింది. చివరింటాయన టీవీ కొన్నాడని ఏడుపు కాబోలు అనుకున్నాను. తొడ మీద గట్టిగా గిల్లాను. “నలుగురిలో ఆ మొకం ఏటి? నవ్వితే సొమ్ము పోతాదా?” అన్నాను. నా వైపు తిరిగి నా నోరు చూసి, చిన్నపిల్లాడిలా తల ఊపాడు.

సినిమా అయిపోయింది. క్యాసెట్టులో ఇంకా టేపు మిగిలితే వీడియో కొట్టువాడు ఊరికే వదిలేవాడు కాదు, పాత తెలుగు సినిమాల్లోంచి కామెడీ బిట్లు ఎక్కించి ఇచ్చేవాడు. కూరగాయలమ్మే మనిషి చివర్లో కరివేపాకు వేసినట్టు, అది కొసరు. ఆ కొసరంటే జనానికి అసలు సినిమా కన్నా ఇష్టం. ఆ రోజు బిట్లు తెలుపూ నలుపువి. బొమ్మ నిలబడింది, మొహాలు దగ్గరగా తేటగా కనిపిస్తున్నాయి. కానీ సౌండు నాశనం. నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటలు, వెనకాల ‘గుయ్’ మని ఒకటే మోత. ఒక్క ముక్క తెలియడం లేదు.

“సౌండు పాడైపోనాది. తీసేత్తాను” అని ఓడాయన లేచాడు.

“ఒగ్గేయండెహే! తీకండి! బలేగుంది!” అని మా బావ కేకేశాడు.

పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ సినిమా అంతా చెక్కబొమ్మలా కూర్చున్న మనిషి, ఎవరికీ ఏమీ వినపడని చోట ఒక్కడే నవ్వుతున్నాడు. ఏమిటో చెప్పమని జనం మీద పడ్డారు. అతను గొంతెత్తి చెప్పాడు: “వొంటోడు ఆ పెద్దమనిసితో అంటన్నాడు, సారులో ఉప్పెక్కువైనాదని మీరన్నారని నీల్లు పోసినాను, నీల్లెక్కువైనాయని అమ్మగారన్నారని ఉప్పేసినాను. ఇద్దరి మాటా ఇన్నాను బాబూ, ఇప్పుడది సారు కాదు, సముద్రం.”

అప్పుడు నవ్వారు చూడండి! ఆ తర్వాత ఇరవై నిమిషాలూ అతనే చెబుతున్నాడు, అందరూ అతని నోటివంక చూస్తూ నవ్వుతున్నారు. “సిస్టరమ్మా, మీ బావ ఈ సినిమా నూరుసార్లు సూసీసినట్టున్నాడు” అని ఓడాయన అతని వీపు చరిచాడు. మా బావ మొహం వెలిగిపోతోంది. పెళ్ళిలో కూడా నేనా వెలుగు చూడలేదు. ఆ సినిమా అతను చూడలేదని నాకు తెలుసు.

అరవంలో మాట్లాడిన పెదాల మీద తెలుగు అతికించారు. పెదాలు చదివేవాడికి అది ఏమీ కాదు. తెలుగు మాట్లాడిన పెదాలైతే సౌండు ఉన్నా లేకపోయినా ఒకటే. ఇది బుర్రకెక్కడానికి నాకు వాళ్ళింటి నుంచి మా ఇంటిదాకా నడిచేంత సేపు పట్టింది.

సాయంత్రం పెరట్లో బకెట్టు పెట్టుకుని కాళ్ళు కడుక్కుంటున్నాడు, వీపు నావైపు ఉంది. గుమ్మంలో నిలబడి, “బావా, నీ కాలి దగ్గర తేలున్నాది” అన్నాను. చెంబుతో నీళ్ళు పోసుకుంటూనే ఉన్నాడు. “బావా, నానంటే నీకిష్టం నేదు గదా” అన్నాను. ఇంకో చెంబు పోసుకున్నాడు.

ముందుకెళ్ళి నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “అన్నం పెట్టమంటావా?” అని అడిగాను. నా కొంగు వైపు చూశాడు. తర్వాత నా కళ్ళలోకి చూశాడు. చెంబు కింద పెట్టేశాడు.

కొంగు తీసి, “ఎప్పట్నించి?” అన్నాను.

“ఎడంసెవి మూడేల్లయింది. కుడిది కూడా మెల్లగా ఎల్లిపోనాది. పెద్ద సప్పుడైతే లోపలేదో బరువుగా తగుల్తాది, మాటయితే అందదు. ట్యాంకులోకి దిగినోల్లందరిదీ అంతేనే. అక్కడ ఎవులం ఇనం. మూతులు సూసే మాటాడుకుంటాం.”

“నాకెందుకు సెప్పనేదు?”

“నువ్వు నర్సువి. కాయితం మీద ఎక్కించేత్తావని బయం.”

ఆ మాటకి తల కొట్టేసినట్టయింది. అంతకన్నా పెద్ద దెబ్బ ఇంకొకటి ఉంది, దాన్ని చెప్పుకోవడానికి సిగ్గు కూడా. ఆ రెండు మూడేళ్ళుగా నేను ఏది చెప్పినా బావ చేస్తున్న పని ఆపి, నా మొహంలోకే చూస్తూ వినేవాడు. పొయ్యి దగ్గర నుంచి మాట్లాడితే, “ఇటు తిరిగి సెప్పే, నీ మొకం సూడకపోతే నాకు మాటెక్కదు” అనేవాడు. లైనులో ఆడవాళ్ళు నన్ను చూసి కుళ్ళుకునేవాళ్ళు. మా మొగుళ్ళు మేం మాట్లాడుతుంటే గోడవైపు చూస్తారు, సిస్టరమ్మ మొగుడు మాత్రం ఆవిడ మొహమే చూస్తాడు అని. నేను ఎంత పొంగిపోయేదాన్నో! పిల్లలు లేకపోయినా మొగుడికి నామీద మోజు తగ్గలేదనుకుని, అద్దంలో చూసుకుని మరీ బొట్టు లేని నుదుటి మీద జుట్టు సర్దుకునేదాన్ని. అతను చూసింది నన్ను కాదు, నా పెదాల్ని. పిచ్చిమొహాన్ని.

ఆ కోపం నాలుగు రోజులుండి పోయింది. తర్వాత మిగిలింది అసలు కష్టం.

యార్డులో క్రేను గ్యాంగులోకి పదిమంది కలాసీల్ని పర్మనెంటుగా తీసుకుంటున్నారు. సరుక్కి తీగతాడు తగిలించడం, చేత్తో సైగ చేసి క్రేను వాడికి దారి చూపించడం వాళ్ళ పని. బావ పేరు జాబితాలో ఉంది. “పదమూడేల్లు ఓడ కడుపులో పన్జేసినాను. ఒక్కనాడూ సూరీడు మొకం సూడనేదు. బయటికొచ్చి ఎండలో నిలబడి పన్జేత్తానే. ఆ ఒక్కటీ అయిపోతే నాకింకేటీ ఒద్దు” అనేవాడు. రాత్రి దగ్గితే గుడ్డ మీద తుప్పు రంగు పడుతున్న మనిషి ఆ మాటంటే నేనేమనగలను? ఆ ఉద్యోగం అతనికి జీతం కోసం కాదు, గాలి కోసం.

కానీ ముందు మెడికలు. చెవులు కూడా చూస్తారు.

మా డిస్పెన్సరీలో ఆ పరీక్ష ఎలా జరిగేదో చెబుతాను. డాక్టరుగారికి బద్ధకం తప్ప వేరే జబ్బు లేదు. ఆయన బల్ల దగ్గర కూర్చుని రాసుకుంటుంటే పరీక్ష నేనే చేసేదాన్ని. మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి, ఒక చెవి వేలితో మూసుకోమని, నేను వెనకాల పది అడుగుల దూరంలో నిలబడి గుసగుసగా అంకెలు చెప్పాలి. అతను తిరిగి చెప్పాలి. చెప్పేవాళ్ళు నోటికి అట్ట అడ్డం పెట్టుకోవాలని ఫారం వెనక రాసి ఉండేది. వెనకాల నిలబడి చెబుతుంటే అడ్డం దేనికని నేనెప్పుడూ పెట్టుకోలేదు.

“స్టూలికి ఎదురుగా ఆ మందుల బీరువా ఉంది సూడు, అద్దం తలుపులది,” అన్నాడు బావ. “అందులో నీ నోరు తేటగా కనిపిత్తాది. మావోల్లంతా ఆ అద్దంలో సూసే పాసయినారు.”

ఎన్నేళ్ళుగా, ఎంతమందికి ‘చెవులు బాగున్నవి’ అని రాశానో! ఆ రాసింది అద్దానికి.

“నువ్వు బీరువాకి తిన్నంగా నిలబడితే సాలు. అబద్దం ఆడక్కరనేదు, ఏటీ సెయ్యక్కరనేదు. అందరికీ సేసినట్టే సెయ్యి. సేత్తానని సెప్పు.”

“సేత్తాను.”

“బైబిలు మీద సెయ్యేసి సెప్పు.”

వేశాను. నోటితో కూడా చెప్పాను, అతనికి కనిపించేలా.

చెప్పానే కానీ, అంతకు ఏడాది ముందు నేను కడిగిన ఒక మనిషి నా మనసులోంచి పోలేదు. క్రేను గ్యాంగులోవాడే. ఊగుతూ వచ్చిన ఇనుపరేకు వెనకనుంచి తగిలింది. ముఖం మీద గీత కూడా లేదు, నిద్రపోతున్నట్టున్నాడు. తల వెనక మాత్రం నేను దూది పెట్టడానికి ఏమీ లేదు. “ఈలేసినాం, ఇనపడనేదో ఏటో” అని తోటివాళ్ళు గుమ్మంలో నిలబడి ఏడుస్తున్నారు. క్రేను కింద పనిచేసేవాడికి ముందున్నవన్నీ కళ్ళతో తెలుస్తాయి. వెనకనుంచి వచ్చేదానికి ఉన్నది ఆ ఈల ఒక్కటే. ఆ మనిషి చెవులకు ఫారం రాసింది నేనేనా? గుర్తులేదు. పాత ఫారాలు తీసి చూసే ధైర్యం నాకు రాలేదు.

మెడికలు రోజు ఉదయం బావ తలకి నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. వరసలో ఏడోవాడు. ముందు ఆరుగురికీ మామూలుగానే చెప్పాను. వాళ్ళ కళ్ళు అద్దంలో నా నోటిమీద వాలుతున్నాయా అని చూస్తూ చెప్పాను. ఇద్దరివి వాలాయి. నేనేమీ అనలేదు. బావ కోసం అనలేదు.

బావ స్టూలు మీద కూర్చున్నాడు. నేను బీరువాకి తిన్నగా నిలబడ్డాను. అద్దంలో మందుసీసాల మధ్య అతని మొహం, దాని పైన నా మొహం. అతని కళ్ళు నా పెదాల మీద ఉన్నాయి. నాకు ధైర్యం చెబుతున్నట్టు చిన్నగా నవ్వాడు కూడా.

అప్పుడు బయట ఓడలు ఆగే డాకు వైపునుంచి ఈల మోగింది. క్రేను కదులుతున్నప్పుడు వేసేదే, గట్టిగా, చెవి చిల్లుపడేలా. డాక్టరు రాస్తున్నది ఆపి కిటికీవైపు చూశాడు. గుమ్మంలో నిలబడ్డ వార్డుబాయి తల తిప్పాడు. వరసలో ఉన్న ముగ్గురూ తిప్పారు. బావ ఒక్కడే కదల్లేదు. నా నోరు ఎప్పుడు కదులుతుందా అని చూస్తూ కూర్చున్నాడు, ఆ నవ్వు అలాగే ఉంది.

చేతిలో ఫారం కింద పెట్టుకున్న అట్ట పైకి లేపి నోటికి అడ్డం పెట్టుకున్నాను.

“ఇరవై ఏడు,” అన్నాను.

అద్దంలో అతని కళ్ళు అట్ట మీద ఆగిపోయాయి. కాసేపటికి నా కళ్ళలోకి వచ్చాయి. తీస్తానని ఎదురుచూశాడు. తియ్యలేదు.

“ఎనభై నాలుగు. పదకొండు. అరవై.”

ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. ఊహించి ఏదో అంకె చెప్పి ఉండొచ్చు, అదీ చెయ్యలేదు. రెండో చెవికీ చెప్పమన్నాడు డాక్టరు. చెప్పాను. ఫారంలో నా చేత్తోనే రాశాను. డాక్టరు కింద సంతకం పెట్టాడు. బావ లేచి, స్టూలు ఉన్నచోటికి జరిపి, బయటికెళ్ళిపోయాడు.

ఆ తర్వాత వచ్చిన ముగ్గురికీ అట్ట అడ్డం పెట్టే చెప్పాను. అందులో ఒకడు ఫెయిలయ్యాడు. మొగుడికొక రూలు, లోకానికొక రూలు పెట్టలేదని నాకు నేను చెప్పుకున్నాను. లైనులో ఆడవాళ్ళు పంపు దగ్గర నన్ను చూసి బిందెలు పక్కకి జరుపుకున్నారు. ఓడాయన భార్య ఒక్కతే మాట్లాడేది, అదీ స్పిరిట్టు కావలసినప్పుడు.

ఫారం కాంట్రాక్టరు దగ్గరికీ వెళ్ళింది. చెవిటివాణ్ణి ట్యాంకులోకి దింపితే రేపు తన మెడకి చుట్టుకుంటుందని, ఉన్న పనీ తీసేశాడు. ఎవరి పని వల్ల చెవుడొచ్చిందో వాడే ఆ మాటన్నాడు. నెలరోజులు తిరిగాక హార్బరు దగ్గర ఒక గోడౌనులో చిరిగిన గోనెసంచులు కుట్టే పని దొరికింది. కిటికీ లేని గోడౌను. మధ్యాహ్నం కూడా బల్బు వేసుకుని కుట్టాలి. ఎండలో నిలబడతానన్న మనిషిని నేను అక్కడ కూర్చోబెట్టాను.

అతను నన్ను తిట్టలేదు, కొట్టలేదు. మెడికలు రోజు సాయంత్రం నేను ఎదురుగా నిలబడి చెప్పడం మొదలుపెట్టాను. ఈల సంగతి, నేను కడిగిన మనిషి సంగతి, నువ్వు బతికుండాలనే చేశాను బావా అని. అతను కళ్ళు మూసుకున్నాడు. అంతే. గడ్డం పట్టుకుని ఎత్తాను, భుజాలు పట్టుకుని ఊపాను. తెరవలేదు. చెవులున్నవాడు వినకూడదనుకున్నా ఏదో ఒక ముక్క లోపలికి పోతుంది. ఇతను రెప్పలు దించితే చాలు, నేను ఈ లోకంలో లేనట్టే.

“బైబిలు మీద సెయ్యేసినావు,” అన్నాడు, కళ్ళు మూసుకునే. అదొక్కటే మాట, ఆ విషయం మీద.

తర్వాత మామూలుగానే ఉన్నాడు. జీతం తెచ్చి ఇచ్చేవాడు, కూర తెచ్చేవాడు, జ్వరమొస్తే నా నుదుటి మీద గుడ్డ వేసేవాడు. తను చెప్పాల్సింది చెప్పేవాడు. నా జవాబు అక్కర్లేని మాటలే చెప్పేవాడు. నేను నోరు తెరిచేసరికి చూపు నా భుజం మీదికో, వెనకున్న గోడ మీదికో పోయేది. కాగితం మీద రాసి చూపించాను. అతనికి చదువు కూడబలుక్కునేంత వచ్చు. కాగితం మడిచి పొయ్యిలో పెట్టాడు. నాకెంత కోపమొచ్చేదంటే, ఒక్కోసారి వీధి వినేలా నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని. “ఇనపడనోణ్ణి తిడితే ఏటమ్మా లాబం” అని పక్కింటావిడ గోడ మీంచి అనేది.

ఆదివారాలు మాత్రం ఓడాయన ఇంటికి వెళ్ళేవాడు. అసలు సినిమా ఏదైనా సరే, చివర కొసరు కోసం కూర్చునేవాడు. ఊరూ పేరూ లేని నోళ్ళన్నీ కళ్ళార్పకుండా చూసి నవ్వేవాడు. నేను గుమ్మం బయట నిలబడి ఆ నవ్వు వినేదాన్ని. ఆ పెట్టెలో మనుషులంటే నాకు ఎంత అసూయో చెప్పలేను.

ఇక నా సంగతి. ఇది పాస్టరుగారి దగ్గర కూడా ఒప్పుకోలేదు. డిస్పెన్సరీకి స్ట్రెచరు వచ్చినప్పుడల్లా నేను ముందు అడిగే మాట “ఏ గ్యాంగు?” అని. క్రేను గ్యాంగు అంటే పరిగెత్తి ముందు మొహం చూసేదాన్ని. అద్దంలో నా నోరు చూసి పాసైనవాళ్ళు ఇంకా ఆ క్రేను కిందే ఉన్నారు. వాళ్ళకేమైనా అయితే ఆ పాపం నాదే. ఆ భయం నిజమే. కానీ ఆ భయం కిందే ఇంకొకటుండేది. ఒక్కడు, ఒకే ఒక్కడు, ఈల వినపడక చచ్చిపోతే, బావ దగ్గరికి పరిగెత్తుకెళ్ళి చెప్పొచ్చు. చూడు, అది నువ్వే, నేను అడ్డం పెట్టకపోతే అక్కడ పడుకున్నది నువ్వే అని. అప్పుడైనా నావైపు చూస్తాడు. ఒక మనిషి చావు కోసం నేను ఏళ్ళ తరబడి కాసుకుని కూర్చున్నాను, తెల్ల బట్టలు వేసుకుని, తలమీద తెల్ల టోపీ పెట్టుకుని.

ఎవడూ చావలేదు. అందరూ బాగానే ఉన్నారు.

ఒకరోజు బావకు బదులు ఉద్యోగంలోకి వెళ్ళిన మనిషినే స్ట్రెచరు మీద తెచ్చారు. తెల్లదుప్పటి మీద రక్తం కనిపించింది. నా కాళ్ళు వాటంతటవే పరిగెత్తాయి. దుప్పటి తీశాను. కాలి బొటనవేలు నలిగింది. “గోరూడిపోనాది సిస్టరూ, అంతే” అని వాడు నవ్వుతున్నాడు. కట్టు కట్టాను. కడుతున్నంతసేపూ నా లోపల ఏమీ లేదు, ఒక్క నిరుత్సాహం తప్ప. బొటనవేలా, అంతేనా అని. అది నిరుత్సాహమని తెలిశాక, కట్టిన ముడి విప్పి మళ్ళీ కట్టాను.

ఇంటికెళ్ళాను. బావ ముందే వచ్చి కూర్చున్నాడు. అన్నం పెట్టి, ఎదురుగా కూర్చున్నాను. అతను కంచంలోకి చూస్తూ తింటున్నాడు.

“బావా,” అన్నాను, “ఇయ్యాల నీ బదులు ఎల్లినోడిని తెచ్చినారు. వాడు సచ్చిపోయుంటే బాగుణ్ణని నాననుకున్నాను. వాడికి ముగ్గురు పిల్లలు. అయినా అనుకున్నాను. ఇన్నేల్లూ అదే అనుకుంటన్నాను. నాలో ఏటి మిగిలిందో నువ్వొకసారి సూడు బావా.”

చూడలేదు. ఇంకోసారి చెప్పాను, మొదటినుంచి, నిదానంగా, ఒక్కొక్క మాటా పెదాల మీద తేటగా పడేలా. అతను చేపముక్కలోంచి ముళ్ళు తీసి కంచం అంచున వరసగా పెట్టుకున్నాడు.

“పులుసింకొంచెం ఎయ్యి,” అన్నాడు.

వేశాను.